పిట్టల దండెం

ఈమధ్య కర్నూలులో మా మనవరాలు తన ఇంటి బాల్కనీలో ఒక గింజల డబ్బా వేలాడదీసింది. లోపలి గింజలు కనిపించే ప్లాస్టిక్ డబ్బా, దాని కింద చిన్న పళ్లెం, పిట్ట వాలడానికి ఒక పుల్ల. కొన్నాళ్లకే పిట్టలు మరిగాయి. "అవ్వా, ఇట్లా కుర్చీ వేసుకుని చూడు, ఎంత ముద్దుగా తింటున్నాయో" అని అది నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టింది. కాసేపు కూర్చుని, మోకాళ్లు లాగుతున్నాయని చెప్పి లేచి లోపలికి వచ్చేశాను. మోకాళ్లకు ఏ రోగమూ లేదు. పిట్టలు గింజలు తింటుంటే చూస్తూ కూర్చోవాలంటే నాకు సిగ్గు.

ఈ వయసులో సిగ్గేమిటని అది నవ్వుతుంది. నవ్వనీ. ఆ సిగ్గు మొదట నాది కాదు, మా మామది. ఆయన పోయి ఎన్ని ఏళ్లయిందో లెక్క కూడా పెట్టుకోలేదు. ఆయన వెంట పోవలసిన సిగ్గు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇంటి అన్నం తిన్నదాన్ని కాబట్టి నా వాటా నాకు వచ్చింది. ఆయన పేరు చెప్పను. కోడలు మామ పేరు పలకకూడదని పెంచిన కాలం నాది. అప్పుడు పలకనిది ఇప్పుడెందుకు పలుకుతాను.

మా పుట్టిల్లు మైదుకూరు. నన్నిచ్చింది కోడుమూరుకు. కర్నూలులో గుడారాలు వేసి రాజధాని పెట్టడానికి ఇంకా ముందు సంగతి. మా అత్తవారిది గింజల అంగడి. బజారు వైపు అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. కాపురానికి పోయిన మరుసటి పొద్దున నేను బిందె తీసుకుని పెరట్లో బావి దగ్గరికి పోతే, మా అత్త కొంగు బిగించుకుంటూ పరుగున వచ్చి బొక్కెన నా చేతిలోంచి లాక్కుంది.

"ఇప్పుడు కాదు. గిలక చప్పుడైతే పిట్టలు లేస్తాయి" అంది.

ఏ ఇంట్లోనైనా కొత్తకోడలికి మొదటి రోజు ఉప్పెక్కడుంది, పప్పెక్కడుంది అని చెబుతారు. నాకు పిట్టల వేళలు చెప్పారు. తెల్లవారకముందే నీళ్లు తోడుకోవాలి. ఎండ వేపచెట్టు కొమ్మల్లోకి దిగిందంటే ఇక పెరటి తలుపు దాటకూడదు. అంట్లు తోమేది, పిడకలు తెచ్చేది, ఏదైనా సరే పిట్టలు తిని పోయాకనే. మా అత్తకు ఇవన్నీ అలవాటైపోయి, అదేదో మడి వ్యవహారం అన్నంత మామూలుగా చెప్పింది. నాకు లోపల నవ్వు, పైకి భయం.

పెరట్లో వేపచెట్టుకు ఇవతల రెండు రాతి కూసాలు పాతి, వాటి మీద అడ్డంగా వెదురు గడ కట్టి ఉండేది. పిట్టల దండెం అనేవాళ్లు దాన్ని. బట్టలకు వేరే దండెం ఉంది. దీనికి కొర్ర కంకుల కట్టలు తలకిందులుగా వేలాడేవి, కింద రాతితొట్టిలో నీళ్లు. ఒక కట్ట ఖాళీ అయితే మామ స్వయంగా నిచ్చెన ఎక్కి అటక మీది నుంచి ఇంకొకటి దించి కట్టేవాడు. అంగట్లో అంతమంది పనివాళ్లున్నా ఆ పనికి ఒకరి చేయి తగలనిచ్చేవాడు కాదు.

వానాకాలం వచ్చిందంటే ఆ దండెం చూడాల్సిందే. బొటనవేలంత పిట్ట, ఒళ్లంతా కుంకుమ, ఆ కుంకుమ మీద తెల్లటి చుక్కలు, సన్నటి గొంతు. నెత్తిన పసుపు పూసుకున్న గిజిగాళ్లు. చలికాలం వస్తే గులాబిరంగు ఒంటికి నల్లటి తల అతికించినట్లుండే పిట్టలు మందలు మందలుగా దిగేవి. చిలుకలు సరేసరి. ఆయనకు వాటి అసలు పేర్లతో పని లేదు. చిలుక ఆయనకు తాసిల్దారు. ఎందుకంటే ఒక గింజ తిని కంకంతా కొరికి పారేస్తుంది. గులాబి పిట్టలు పైదేశం వ్యాపారులు. గుంపుగా దిగి, ఊడ్చుకుని, చెప్పాపెట్టకుండా పోతాయి. గిజిగాడు మేస్త్రి. చుక్కల కుంకుమ పిట్టను అంతకుముందు కొత్తకోడలు అనేవాడట. వచ్చి, ఒక గింజ తీసుకుని, అటూ ఇటూ చూసి కంకి చాటుకు పోతుంది కాబట్టి. నేను కాపురానికి వచ్చాక ఆ మాట నా చెవిన పడుతుందని మొహమాటపడి, ఊరికే "అది" అనేవాడు. "అది వచ్చిందా ఈ పొద్దు?" అని అత్తను అడిగేవాడు. మా అత్త నా వైపు చూసి మూతి బిగించుకుని నవ్వేది.

కూర్చునే పద్ధతి కూడా ఆయనదే. కూసానికి ఎదురుగా ఒక నాపబండ. దాని మీద కాళ్లు ముడుచుకుని, భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఆయనకు పొద్దుటిపూట దగ్గు. ఆ దగ్గు తువ్వాల్లోకి మింగి, కళ్లలో నీళ్లు తెచ్చుకునేవాడే గాని పిట్టను లేపేవాడు కాదు. కాలి మీద గండుచీమ పాకుతున్నా కదిలేవాడు కాదు. అంగడికి వచ్చినవాళ్లలో నచ్చినవాళ్లను మెల్లగా పెరట్లోకి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి ఆదోని నుంచి వచ్చిన దళారి ఒకాయన సరిగ్గా చిలుకలు వాలిన క్షణాన తుమ్మాడు. ఆయనతో వ్యాపారం మానలేదు గాని మళ్లీ పెరటి తలుపు చూపించలేదు.

నేను వంటింటి తలుపు సందులోంచి చూసేదాన్ని. కోడలు మామ ఎదట నిలబడకూడదు గదా. ఆ సందే నాకు కిటికీ.

ఆయనకు ఒక మాట ఉండేది. "ఇచ్చేసినాక మనది కాదు." దేనికైనా అదే. ఒక ఉగాదికి మా అత్త దండెం మీది నుంచి రెండు కంకులు తీసి గడపకు మామిడాకుల పక్కన కట్టింది. అందంగా ఉంటుందని ఆమె సరదా. ఆయన చూసి, నిచ్చెన తెచ్చుకుని ఆ రెండూ విప్పి మళ్లీ దండేనికి కట్టి వచ్చాడు. నేను కొత్తలో తెలియక దండెం కింద చీపురు వేశాను. "ఆడ ఊడ్చాకమ్మా. పైన ఉండేవి పిట్టలవి, కింద పడినవి చీమలవి" అన్నాడు. నాతో నేరుగా ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆ కంకులు మా చేలో పండినవి కావు. మాకు చేను లేదు. మా అంగడికి గింజలు వేసే రైతులు తెచ్చిచ్చేవి. అక్కడి పద్ధతి అది. కోతకు ముందే ఆడవాళ్లు చేనంతా తిరిగి, పొడుగ్గా, గట్టిగా, గింజ బిగువుగా ఉన్న కంకులు ఏరి పెట్టుకుంటారు. అవి విత్తనాలకు. ఆ ఏరిన వాటిలోంచే ఒక కట్ట పిట్టలకు తీస్తారు. పిట్టలకు నాసి కంకి ఇస్తే చేను అలుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ కట్ట తెచ్చి మామ చేతిలో పెట్టి, ఒక దండం పెట్టి పోయేవాళ్లు. ఏడాది పొడుగునా ఆ కట్టలు మా దండేనికి వేలాడేవి. ఊరంతా మామను ధర్మాత్ముడు అనేది. కంకులు వాళ్లవి, పేరు మాది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. ఆ ఊళ్లో ఎవరికీ తట్టినట్లు లేదు.

నేను కాపురానికి పోయిన కొన్నాళ్లకే వానలు ఎగ్గొట్టాయి. ఒక ఏడయితే ఓర్చుకుంటారు, వరసగా ఎగ్గొట్టాయి. సర్కారువాళ్లు గంజి కేంద్రం పెట్టారు. పొద్దున్నే చేతిలో ముంత, సత్తుగిన్నె, ఏది ఉంటే అది పట్టుకుని మనుషులు మా పెరటి కంప పక్కనుంచే నడిచిపోయేవాళ్లు. కోసిగి వైపు ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయని అంగట్లో చెప్పుకునేవాళ్లు. చేలల్లో కంకి అనేది లేక పిట్టలన్నీ మా దండేనికే వచ్చి పడ్డాయి. అటక మీద మంచి ఏళ్ల కట్టలు బోలెడున్నాయి కాబట్టి మామ కట్టడం ఆపలేదు. గంజికి పోయే పిల్లలు కంప సందుల్లోంచి ఆ రంగులు చూస్తూ నిలబడిపోయేవాళ్లు, తల్లులు రెక్క పట్టుకుని లాక్కుపోయేవాళ్లు.

మా అత్త ఒక రోజు ఉండబట్టలేక అంది. "జనం గంజికి పోతాండారు. కొన్నాళ్లు ఆపరాదా? చూసేకి బాగలేదు."

"జనానికి గంజి పోసేకి సర్కారుండాది. వీటికెవరుండారు?" అన్నాడు మామ.

ఆయన్ని పిసినారి అనుకోవద్దు. గంజి కేంద్రానికి మా అంగడి నుంచి గింజలు ఊరికే పోయేవి, ఎవరికీ చెప్పకుండా పోయేవి. ఆయన లెక్కలో మనుషుల వాటా వేరు, పిట్టల వాటా వేరు. ఒకదాన్ని తీసి ఇంకొకదాంట్లో వేయడం ఆయనకు చేతకాదు.

ఆ తర్వాతి ముంగారికి, అంటే తొలకరికి, వాన పడింది. ఎంత వాన అంటే, జనం బయటికి వచ్చి తడుస్తూ నిలబడ్డారు. మరునాటి నుంచి మా అంగడి ముందు రైతులు. అందరిదీ ఒకటే మాట, విత్తనాలు. ఇళ్లలో విత్తనాల కుండలు ఎప్పుడో ఖాళీ అయిపోయాయి, కరువులో వండుకుని తినేశారు. మా అంగట్లో ఉన్నదంతా పైనుంచి వచ్చిన దంచిన కొర్రబియ్యం. అది కడుపుకు పనికొస్తుంది గాని మొలవదు. లేదు లేదు అని చెప్పి మామ గొంతు పోయింది.

ఈరమ్మ అంగడికి రాలేదు, నేరుగా పెరటి వైపు వచ్చింది. పక్క పల్లె రైతు పెళ్లాం. పొడుగు మనిషి, ఎముకలు కనిపించేటట్లు చిక్కిపోయింది. ఏటా పంటకు పిట్టల కట్ట తనే నెత్తిన పెట్టుకుని తెచ్చేది కాబట్టి ఇంట్లో అందరికీ తెలుసు. మామ నాపబండ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కంప తడిక తోసుకుని రాగానే పిట్టలన్నీ లేచిపోయాయి. ఆయన తువ్వాలు నోటి దగ్గరి నుంచి తీసి విసుగ్గా చూశాడు.

"శెట్టప్పా, మేమిచ్చిన కట్ట ఉండాదా?"

"ఏం కట్ట?"

"పిట్టలకిచ్చింది. కరువు రాకముందు."

"ఉండాది. అటక మీద ఉండాది. ఏమి?"

"అది ఇస్తివంటే ఇత్తుకుంటాం. మా ఇత్తనాలు తినేస్తిమి. పదును ఆరేలోపల ఇత్తాల. పంట వచ్చినాక రెండు కట్టలు తెచ్చిస్తా."

మామ ఆమె వైపు నమ్మలేనట్లు చూశాడు. "పిట్టలకిచ్చింది అడుగుతాండావేమ్మా? అంగట్లో కొర్రబియ్యం ఉండాయి. ఇంటిల్లిపాదికి పోయిస్తా, తీసుకపో. తిరిగి ఇయ్యాల్సిన పని లేదు."

"తినేకి కాదప్పా, ఇత్తేకి. ఇత్తకుంటే ఊరిడిసి కాలవ పనికి పోవాల. మా అత్తకు నడక లేదు. ఆ యమ్మను యాడ పెట్టి పోయేది? ఎత్తుకుని పోతే ఆ ఎండకు తట్టుకుంటాదా?"

అంత వివరంగా చెప్పింది. అడుక్కుంటున్నట్లు కాదు, లెక్క చెప్పినట్లు చెప్పింది. ఆయన వింటూనే ఉన్నాడు. గొంతు తగ్గించి, చాలా మెత్తగా అన్నాడు. "ఇచ్చేసినాక అది నాది కాదు తల్లీ. నాది కానిది నేనెట్ల ఇస్తా?"

ఆ మాట కోపంగా అని ఉంటే ఆమె ఎదురు చెప్పేదేమో. అంత ధర్మంగా చెప్పేసరికి ఆమె తల ఊపింది. "అదీ నిజమేలే" అంది. పోవడానికి తిరిగి, దండెం కింద చూసి ఆగిపోయింది. చిలుకలు కొరికి పారేసిన గింజలు అక్కడ పచ్చగా పరచుకుని ఉన్నాయి. ఆమె చటుక్కున కూర్చుని, మట్టీ గింజా కలిపి పిడికిళ్లతో కొంగులోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది.

"ఇవి కింద పడినవి కదప్పా. ఇవి ఎవురివి?" అని తల ఎత్తకుండానే అడిగింది.

"చీమలవి" అన్నాడు మామ.

ఆలోచించి అన్నది కాదది. ఏళ్ల తరబడి అందరికీ చెప్పిన మాట, నాకూ చెప్పిన మాట, నోట్లో సిద్ధంగా ఉండేది, వచ్చేసింది. ఈరమ్మ చేతులు ఆగిపోయాయి. కొంగు విప్పి, ఎత్తుకున్నదంతా జాగ్రత్తగా మళ్లీ అక్కడే పోసి, కొంగు దులిపి, లేచి గోడవారకు పోయి నిలబడింది. తలుపు వెనక నాకు తల కొట్టేసినట్లయింది.

మనిషి దూరం జరగగానే పిట్టలు దిగాయి. అవి ఎవరి కష్టం చూస్తాయి. ముందు గిజిగాళ్లు, తర్వాత చిలుకలు, చివరకు ఆ కుంకుమ పిట్టలు, గుంపుగా వచ్చి కంకులకు వేలాడాయి. ఈరమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని చూస్తూ నిలబడింది. అంత ఆకలి మొహంలో నేను ఎప్పుడూ చూడని ఒక సంతోషం కనిపించింది.

"శానా బాగుండాయప్పా. ఇన్నేండ్లు కట్ట ఇచ్చి పోయేదే గాని నేనెప్పుడూ నిలబడి చూడల్యా" అంది.

అని, తడిక దగ్గరికి వేసి పోయింది.

మామ నాపబండ మీది నుంచి లేవలేదు. అంగడి తెరిచే వేళ దాటిపోయింది. అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి పక్కకు పెట్టాడు. నేను మజ్జిగ తెచ్చి వాకిలి దగ్గర పెట్టి తిరిగిపోతుంటే, "అమ్మాయ్" అన్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"నువ్వు చూస్తివి గదా. పిట్టలు బాగుండాయని ఆమె ఎగతాళికి అనిందా?"

"లేదు మామా. నిజంగానే అనింది."

ఎగతాళి అని చెప్పి ఉంటే ఆయన అన్నం తినేవాడు. ఆ సంగతి నాకు ఆ క్షణమే తెలిసింది, అయినా ఏం చేసేది. మజ్జిగ కూడా ముట్టకుండా లేచి చేయి కడుక్కున్నాడు.

అప్పుడైనా కట్ట దించి పంపించి ఉండవచ్చు. పల్లె ఎంత దూరమని. ఆయన ఆ పని చేయలేదు. ధర్మానికి ఇచ్చింది వెనక్కి తీసి ఇస్తే దోషమా కాదా అని కనుక్కోవడానికి ఒక శాస్త్రులుగారి దగ్గరికి పోయాడు. శాస్త్రులుగారు పొరుగూరికి తద్దినానికి పోయి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగాడు. ఆయన వచ్చి, స్నానం చేసి, పుస్తకం తిరగేసి, ఆకలి సమయంలో దోషం లేదని చెప్పారు. ఆకలికి దోషం లేదని తెలుసుకోవడానికి మా మామకు ఒక పుస్తకం కావలసి వచ్చింది. ఈలోపల పొద్దు గుంకింది.

తెల్లవారి అటక మీది కట్టలన్నీ దించి, బండి కట్టించి పల్లెకు పోయాడు. అక్కడ జరిగింది బండి తోలిన హుసేనప్ప తర్వాత మా అత్తకు చెప్పాడు. ఈరమ్మ ఇంటి వాకిలికి కంప అడ్డం పెట్టి ఉందట. పక్కింటి రైతు చెప్పాడట, "నిన్న మాపటేళ తుంగభద్ర కాలవ పనికి పోయిరి శెట్టప్పా. ముసలామెను మొగుడు వీపున ఎత్తుకునె." మామ ఆ కంప ముందు చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత కట్టలన్నీ అక్కడే ఎవరివి వాళ్లకు పంచేసి, ఈరమ్మ కట్ట ఆ పక్కింటి రైతు చేతిలో పెట్టి, వాళ్ల చేను విత్తమని బతిమాలుకున్నాడట. మా మామ బతిమాలుకోవడం హుసేనప్ప అదే మొదటిసారి చూడటం.

విత్తడమైతే విత్తారు. కంకి పాలు పోసుకునే వేళకు దాన్ని కాచేదెవరు. పక్కింటి రైతుకు తన చేను ఉంది. కరువు తర్వాత మొదటి పంట, పిట్టలు ఊరుకుంటాయా. అప్పుడు మామ చేసిన పనికి ఊరు ఊరంతా నవ్వింది. అంగడి కొడుక్కు అప్పజెప్పి, తువ్వాలు తలకు చుట్టుకుని, రోజూ పోయి ఈరమ్మ చేలో మంచె ఎక్కాడు. పిట్టల్ని తోలడానికి.

మా ఇంటాయన బజారులో తల ఎత్తుకోలేకపోయాడు. "మీ నాయన కూలికి పోతాండాడంటనే" అని స్నేహితులు పరాచికాలు. ఇంటికి వచ్చి మా మీద చిరచిరలు. మామ పోవడం మానలేదు. ఒక రోజు అత్త, నేను బండిలో ఆయనకు సంగటి తీసుకుపోయాం. మంచె మీద సత్తుడబ్బా కొడుతూ, గొంతు బొంగురుపోయేటట్లు అరుస్తున్నాడు. వడిసెల తిప్పడం చేతగాక రాయి తన చెవికే తగిలించుకున్నాడట, చెవి వాచి ఉంది. "లేయ్‌రా తాసిల్దారూ, లేయ్ మేస్త్రీ" అని పేరు పేరునా తిడుతున్నాడు. కుంకుమ పిట్టలు వాలినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. తువ్వాలు విప్పి గాలిలో ఊపాడు, అంతే.

"పొద్దున పిలిచి పెట్టేది, ఎండెక్కినాక తరిమేది. వాటికి పిచ్చి పడతాది, మీకు పట్టినట్లే" అంది అత్త సంగటి మూట విప్పుతూ.

అదీ నిజమే. ఇంట్లో దండెం ఆయన మానలేదు. ఇచ్చేవాడు ఇవ్వాల్సిందే అన్నది ఆయన్ని వదలలేదు. కాకపోతే ఇప్పుడు తన అంగడి గింజ కొనుక్కున్నట్లు లెక్క రాసి తీసుకుని పళ్లెంలో పోసి గడకు వేలాడదీసేవాడు. పోసి, అక్కడ కూర్చునేవాడు కాదు. నాపబండ మీద మా అత్త వడియాలు పెట్టుకునేది. గిలక ఎప్పుడు తిప్పినా ఎవరూ వద్దనలేదు. ఎవరైనా వచ్చి "ధర్మాత్ముడివప్పా" అంటే, బూతు మాట విన్నట్లు మొహం తిప్పుకుని తక్కెడ సర్దుకునేవాడు. మునుపు నాకు ఆయన్ని చూసి భయం ఉండేది. ఆ రోజుల్లో ఆయన మొహం చూడటమే కష్టమయ్యేది.

పంట పిట్టలు తిన్నది తినగా మిగిలింది. పక్కింటి రైతు కోయించి, నూర్చి, ఈరమ్మ ఇంట్లో గాదె నింపి పెట్టాడు.

చలి మొదలైనాక ఒక పొద్దున ఈరమ్మ వచ్చింది. ఈసారి అంగడి వైపు వచ్చింది. నేను అంగడికీ ఇంటికీ మధ్య తలుపు దగ్గర ఉన్నాను. మామ తక్కెడ ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"శెట్టప్పా, మా చేను నువ్వు ఇత్తించినావంట. కాపలా కూడా కాసినావంట. ఊరంతా చెప్తాండారు."

ఆయన తూకం రాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"గింజలు బాగుండాయి. ఈ ఏడు మాకు ఎల్లిపోతాది."

"మీ అత్త బాగుండాదా?" అన్నాడు మామ. ఆ ఒక్క మాట అడగడానికి ఆయన ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉన్నాడో నాకు తెలుసు.

"లేదప్పా. ఆ యమ్మ ఆడనే పాయ. కాలవ గట్టున. ఎండకు తట్టుకోల్యా." ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మాదే తప్పు. తొందరపడి పోతిమి. ఇంకొక్క దినం ఆగింటే నువ్వు వచ్చింటివంట గదా. మాకేం తెలుసు."

మామ చేతిలో తూకం రాయి అట్లాగే ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయాడు. ఆమె తిట్టి ఉంటే ఆయన ఆమె కాళ్లు పట్టుకునేవాడేమో. తప్పు తనదని ఆమె అంటూ ఉంటే, కాదు, నాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. నేను లోపల నిలబడి, చెప్పు మామా, చెప్పు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఈరమ్మ పోవడానికి లేచి, కొంచెం మొహమాటపడుతూ ఆగింది.

"అప్పా, ఆ ఎర్ర పిట్టలు వస్తాండాయా? ఆడ గట్టు మీద మా అత్తకు చెప్తాంటి, చుక్కలు చుక్కలుగా ఉంటాయని. ఒకసారి చూసి పోదామని."

అప్పటికి ఎండ వేపచెట్టులోకి దిగింది. పళ్లెం మీద పిట్టలు దిగి ఉన్నాయి. ఇల్లంతా దాటుకుని ఆ కిచకిచలు అంగట్లోకి వినిపిస్తున్నాయి. ఆమెను తీసుకుపోయి మళ్లీ ఆ దండెం ముందు, ఆ మట్టి మీద నిలబెట్టడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

"రావడం లేదమ్మా" అన్నాడు మామ, తల దించుకుని.

ఈరమ్మ ఒక్క క్షణం చెవి పెట్టి విన్నది. తలుపు దగ్గరున్న నా వైపు చూసింది. నేనూ తల దించుకున్నాను.

"రాకుంటే మానెలేప్పా" అని, ఆమె మెట్లు దిగి బజారులోకి వెళ్లిపోయింది.